కాఫీ మొక్క ఆకు మాడితే గంజాయి వ్యాపారికి పండగ



పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో ఉంటున్న మేము కొంతమందిమి కలిసి మాట్లాడుకుని రాస్తున్నాం. పాడేరు, చింతపల్లి, జీకే వీధి, పెదబయలు వైపు ఊళ్ళు మావి. మా ఇళ్ళల్లో కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు.

సెలవులకి ఇళ్ళకి వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఈసారి ఒకే కబురు తెచ్చారు. గంజాయి మానేసిన కొండల మీద పెట్టిన కాఫీ మొక్కలు ఎదగట్లేదు. వానలకి పెట్టినవి దసరా నాటికి ఆకులు గోధుమ రంగుకి తిరిగాయి. జానెడు ఎత్తు దాటలేదు. కొన్ని చోట్ల వందకి సగం కూడా మిగల్లేదు. ఎందుకిలా అయిందని ఊళ్ళో అడిగితే ఒకరు నేల చెడిపోయిందంటారు, ఒకరు మొక్కలే నాసిరకం అంటారు, పెద్దోళ్ళు కొందరు కొండకి మొక్కు తీరలేదంటారు. ఈ మూడింటితో మాకు గొడవ లేదు. కానీ నాలుగో మాట ఒకటి తిరుగుతోంది. "మీ కొండకి అదే పంట. ఇంకోటి రాదు. చూశారుగా." ఈ మాట పుట్టింది మన ఊళ్ళో కాదు. పెట్టుబడి సంచి పట్టుకుని కింద నుంచి వచ్చేవాడు మనవాళ్ళ నోట్లో పెట్టి వెళ్ళాడు.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. గంజాయి మళ్ళీ మన ఊళ్ళోకి వచ్చే దారి ఈ మాడిన ఆకే. పోలీసులు ఎన్ని డ్రోన్లు ఎగరేసినా, కాఫీ మొక్క ఎందుకు మాడిందో చెప్పే మనిషి ఊళ్ళో లేకపోతే ఆ దారి మూసుకోదు. ఆ మనిషి మనమే అవ్వాలి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో మన ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల దాకా పట్టుబడిన సరుకు కాల్చారు. ఆ తర్వాత ఈగల్ అని ప్రత్యేక విభాగం వచ్చింది, 1972 నంబరు వచ్చింది. ఇవన్నీ మీకు తెలిసినవే. చట్టం కూడా తెలిసే ఉండాలి, అయినా చిన్న తమ్ముళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాం. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి సాగు చేస్తే పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. 20 కిలోలకు మించి మోస్తూ దొరికితే పదేళ్ళకి తక్కువ ఉండదు, ఇరవై దాకా పోవచ్చు. ఆ కేసులో బెయిల్ రావడమూ మామూలు కేసులంత తేలిక కాదు. పెట్టుబడి పెట్టినోడికీ అంతే శిక్ష అని అదే చట్టంలో ఉంది. కాకపోతే జైలు ములాఖత్ లైన్లో నిలబడేది ఎక్కువగా మన అమ్మలే.

మరి నరికిన తర్వాత? ఇక్కడే ఒక సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. గంజాయి వేసినప్పుడు ఆకు మాడితే వ్యాపారి ఊరుకునేవాడు కాదు. డబ్బు వాడిది కదా. కబురు పెడితే మనిషి వచ్చేవాడు, డబ్బా వచ్చేది. వాడికి మనవాళ్ళ మీద ప్రేమ ఏమీ లేదు, కానీ మొక్క మీద కన్ను ఉండేది. కాఫీకొచ్చేసరికి మొక్కలు లెక్కపెట్టి దించుతారు, వేలిముద్ర తీసుకుంటారు, ఫోటో తీసుకుంటారు. ఫోటోలో మొక్క పచ్చగానే ఉంటుంది. తర్వాత మూడు నెలలకి ఆ మొక్కని చూడ్డానికి వచ్చేవాళ్ళు అరుదు. రైతు సేవా కేంద్రంలో ఉండే హార్టికల్చర్ అసిస్టెంటుకి చుట్టూ ఎన్నో గ్రామాలు, నడక దారులు. ఆయన్ని తిట్టి లాభం లేదు.

ఇక నేల చెడిపోయిందనే మాట. మేము చూసినంతవరకు చాలా చోట్ల అది నేల సంగతి కాదు, నీడ సంగతి. గంజాయికి ఎండ కావాలని ఆ కొండవాలు మీద చెట్లన్నీ కొట్టేశారు. కాఫీ నీడ చెట్టు కింద బతికే మొక్క. మన దగ్గర వేసేది అరబికా, అది మరీ నీడ కోరుతుంది. అందుకే ముందు సిల్వర్ ఓక్ పెట్టి, అది కాస్త ఎదిగి నీడ ఇచ్చాక కింద కాఫీ పెట్టడం పద్ధతి. ఆపైన ఓక్‌కి మిరియాల తీగ. ఈ వరస తప్పి, బోడి కొండ మీద ఓక్ మొక్క, కాఫీ మొక్క ఒకే వారంలో పెడితే ఏమవుతుంది? ఓక్‌కి ఎండ పడుతుంది, బతుకుతుంది. కాఫీ మాడుతుంది. నర్సరీలో పందిరి కింద పెరిగిన మొక్క అది, ఒక్కసారిగా ఎండలో నిలబెట్టాం. ఇందులో కొండ తప్పేముంది?

ఇది తెలిసిన ముసలాయన ఊళ్ళో ఒక్కడున్నా వ్యాపారి నాలుగో మాట పని చెయ్యదు. "నీడ లేక మాడింది నాయనా, కంది వేసి, అరటి పెట్టి, మళ్ళీ ఏడు చూద్దాం" అంటాడు. అంతే.

మాడిన మొక్కలన్నీ ఎండకే మాడవు. అందుకే ఆకుని చదవడం నేర్చుకోవాలంటున్నాం. మాలో బోటనీ చదివేవాళ్ళు ఉన్నారు. సెర్కోస్పోరా అనే శిలీంధ్రం పేరు పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. అదే మన కాఫీ నారు ఆకు మీద గోధుమ కన్నులా ఉంటుందని ఏ క్లాసులోనూ ఎవరూ చూపించలేదు. మేము చింతపల్లి వైపు నర్సరీలు పెట్టేవాళ్ళని, ఏళ్ళుగా కాఫీ తోట చేస్తున్న పెద్దోళ్ళని అడిగి, పుస్తకంలో ఉన్నదానితో సరిచూసుకుని తెలుసుకున్నది చెప్తాం.

మొక్క దగ్గరికి వెళ్ళగానే ఆకు ముట్టుకోవద్దు. ముందు తోటంతా చూడండి. మాడినవి ఒక మూల గుంపుగా ఉన్నాయా, వరసంతా ఉన్నాయా, పల్లంలోనే ఉన్నాయా, చెట్టు నీడ పడని చోటే ఉన్నాయా? సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. రోగమైతే సాధారణంగా ఒక చోట మొదలై పాకుతుంది. ఎండ దెబ్బ, ఎరువు దెబ్బ అయితే అన్నిటికీ ఒకేసారి తగులుతుంది.

తర్వాత ఏ ఆకు మాడిందో చూడాలి. పైన ఉన్న లేత ఆకా, కింద ఉన్న ముదురు ఆకా? ఎండ దెబ్బయితే సాయంత్రం ఎండ తగిలే వైపు ఆకు మీద పెద్ద పెద్ద మచ్చలు, కాగితంలా ఎండి, చేత్తో నలిపితే పొడి అవుతాయి. వాటి కింద దాక్కున్న ఆకు మాత్రం పచ్చగా ఉంటుంది. దీనికి మందు లేదు. మందు కొట్టినవాళ్ళు డబ్బులు పోగొట్టుకున్నట్టే. కొమ్మలు విరిచి మొక్క చుట్టూ చిన్న గుడిసెలా గుచ్చడమే వైద్యం. మొదటి రెండు ఎండాకాలాలు ఆ గుడిసె ఉండాలి. మన అడవిలో కొమ్మలకి కరువా?

మచ్చ గుండ్రంగా ఉండి, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు వలయం, దాని బయట పసుపు అంచు ఉంటే అది గోధుమ కన్ను తెగులు. సెర్కోస్పోరా అన్నది ఇదే. ఎండ ఎక్కువ తగిలిన, తిండి చాలని నారు మీద ఇది తొందరగా ఎక్కుతుంది. అందుకే ముందు నీడ సరిచేసి, బాగా మాగిన పశువుల గత్తం వేసి, అప్పుడు బోర్డో మిశ్రమం కొట్టాలి. ఒక శాతం బోర్డో అంటే వంద లీటర్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలో పొయ్యాలి. తిరగేసి పోస్తే చెడిపోతుంది. ఇనుప చాకు ముంచితే ఎర్రటి పూత పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం. ఇది సంతలో డబ్బా మందు కన్నా చవక. అదే రోజు కలిపింది అదే రోజు కొట్టెయ్యాలి.

నర్సరీలో ఉండగానే నారు పడిపోతుంటే ఆకుని వదిలేసి కాండం చూడండి. మట్టికి ఆనే చోట కాండం నల్లగా సన్నబడి ఉంటుంది. అది నారుకుళ్ళు. నీళ్ళు ఎక్కువై, మొక్కలు ఇరుకై, గాలి ఆడక వస్తుంది. మనవాళ్ళకి మొక్క వాడితే ఇంకో చెంబు నీళ్ళు పొయ్యడం అలవాటు. ఈ రోగంలో ఆ చెంబే చంపుతుంది. పడిపోయినవి మట్టితో సహా తీసి దూరంగా పాతెయ్యాలి, నీళ్ళు తగ్గించాలి, కవర్లు ఎడంగా జరపాలి, మిగిలిన నారుకి మందు పొయ్యాలంటే మందు పేరు చెప్పగలిగినవాళ్ళని అడగాలి.

ఆకు చివర్లూ అంచులూ ఒకేసారి మాడి, వారం పది రోజుల కింద యూరియా వేసి ఉంటే ఇంకేం వెతకక్కర్లేదు. యూరియా కాండానికి ఆనుకుని పడింది. ముదురు ఆకుల అంచులు మాత్రమే మెల్లగా మాడుతూ పైకి పోతుంటే పొటాష్ తక్కువైందేమో అనుకోవచ్చు. లేత ఆకు పసుపయ్యి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. ఈ రెండూ కంటితో తేల్చేసే సంగతులు కావు, మట్టి పరీక్ష చేయించాలి.

ఇప్పుడు గిడసబారడం. ఆకు మీద ఏ మచ్చా లేదు, మొక్క చావట్లేదు, కానీ ఎదగట్లేదు. దీన్నే మనవాళ్ళు కొండ శాపం అంటున్నారు. ఒక మొక్కని త్యాగం చెయ్యండి. చుట్టూ తవ్వి, మట్టి పెళ్ళతో తీసి, నీళ్ళలో కడిగి వేరు చూడండి. మేము చూసిన చోట్ల ఎక్కువగా కనిపించింది ఒకటే: తల్లివేరు కొక్కెంలా వంకర తిరిగి ఉంది, లేకపోతే కవరు అడుగున చుట్టలు చుట్టుకుంది. మొలకని కవర్లోకి మార్చేటప్పుడు వేరు మడతపడితే అలా అవుతుంది. నర్సరీలో ఎక్కువ కాలం కవర్లోనే ఉంచేసినా అలా అవుతుంది. ఒక ఊళ్ళో అయితే కవరు చింపకుండానే పాతేశారు. మట్టి రాలిపోతుందని, అలాగే పాతమని ఎవరో చెప్పారట! ఆ మొక్క ఐదేళ్ళు నీళ్ళు పోసినా చెట్టు కాదు. పీకి వేరేది పెట్టుకోవడమే.

వేరు నిటారుగానే ఉండి, సన్న పీచు వేళ్ళు లేకుండా, ఉన్నవి గోధుమ రంగు మచ్చలతో తొక్క ఊడుతుంటే అది నులిపురుగు కావచ్చు. కంటికి కనపడని పురుగు అది, వేళ్ళలో ఉంటుంది. దీన్ని ఊహించి మందు వెయ్యడం తప్పు. వేళ్ళు, మట్టి కలిపి తడి ఆరకుండా కవర్లో కట్టి ల్యాబుకి ఇవ్వాలి. వేళ్ళు నల్లబడి కుళ్ళు వాసన వస్తే నీళ్ళు నిలిచాయని అర్థం, వాలు వెంట చిన్న కాలవ తీస్తే సరిపోతుంది.

ఇదంతా చదివి ఎవరైనా అనొచ్చు, ఇన్ని తెలుసుకోవడం రైతు పనా, ప్రభుత్వం పని కాదా అని. మేమూ అదే అడుగుతాం, ఇంకా గట్టిగా అడుగుతాం. అడగాలంటే ముందు తెలియాలి. మొక్కల లారీ వచ్చిన రోజే, వేలిముద్ర వెయ్యక ముందే, వందకి ఐదు కవర్లు చింపి వేరు చూపించమని అడగండి. మొలక కవర్లోకి ఎప్పుడు మార్చారో అడగండి. పందిరి తీసి కొన్నాళ్ళు ఎండకి అలవాటు చేశారా అని అడగండి. వానలు మొదలైన జూన్, జూలైలో రావాల్సిన మొక్క సెప్టెంబరు ఆఖర్న వస్తే తీసుకోమని చెప్పండి. వేరు పట్టేలోపు వాన పోతుంది, ఆ మొక్క ఎండాకాలం చూడదు. వద్దనడానికి మనకి హక్కు ఉంది. ఫ్రీగా ఇచ్చిందాన్ని వద్దనకూడదనే సిగ్గు మన పెద్దోళ్ళకి ఉంది. మనకి అక్కర్లేదు. కాఫీ పెట్టిన మూడు నాలుగేళ్ళకి గానీ కాపు రాదు, వంకర వేరు మొక్క తీసుకుంటే పోయేది మొక్క కాదు, ఆ నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళ ఖాళీలోనే వ్యాపారి మళ్ళీ వస్తాడు.

2025లో అరకు వైపు కాఫీకి కాయతొలుచు పురుగు కనపడినప్పుడు చూశాం కదా. అధికారులు, శాస్త్రవేత్తలు తోటల్లోకి దిగారు, పురుగు పట్టిన కాయలు కోయించి నాశనం చేయించారు. అది మంచి పని. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు కాఫీకి పేరు పోతుందంటే అందరూ కదిలారు. మరి గంజాయి వదిలేసి, కేసుల భయంతో, అప్పుతో, మొదటిసారి కాఫీ పెట్టుకున్న ఊళ్ళో నారు మాడితే ఆ కదలిక ఎందుకు రాదు? కాసే తోట ఒక్కటేనా తోట? మా లెక్కలో ఆ నారుకే ఎక్కువ రక్షణ కావాలి, ఎందుకంటే ఆ ఇంటికి మళ్ళీ ఇంకో ఛాన్సు ఉండదు.

గ్రూపులో కొందరు అన్నలు ఇంకో వాదన పెట్టారు. ఉత్తరాఖండ్‌లో లైసెన్సు ఇచ్చి పండిస్తున్నారు, ఇక్కడా ఇస్తే సరిపోతుంది కదా అని. గౌరవంగానే చెప్తున్నాం, అది వేరు సంగతి. అక్కడ లైసెన్సు ఇచ్చింది నార కోసం, గింజ కోసం, మత్తు దాదాపు లేని రకానికి. మన కొండల మీద వ్యాపారి అడిగేది దానికి పూర్తిగా ఎదురు. రేపు చట్టం మారినా భూమి మనది, లాభం వాడిది అనే లెక్క మారదు. ఆ చర్చ విడిగా పెట్టుకుందాం, ఇక్కడ కలపొద్దు.

ఇంకో సంగతి, దీనికి మనమే ఎందుకు కావాలంటే భాష. కాఫీ గురించి వచ్చే కరపత్రాలు తెలుగులో ఉంటాయి, అదీ ఆఫీసు తెలుగు. మా ఊళ్ళల్లో కువి మాట్లాడే అమ్మమ్మలు ఉన్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడే తాతలు ఉన్నారు. తోటలో రోజంతా ఉండేది వాళ్ళు. "శిలీంధ్ర నాశిని పిచికారీ చేయవలెను" అంటే ఎవరికి అర్థమవుతుంది? నీడ లేక మాడిన ఆకుని, రోగంతో మాడిన ఆకుని పక్కపక్కన పట్టుకుని వాళ్ళ భాషలో చెప్పగలిగేది మనమే. ఒక మధ్యాహ్నం చాలు.

అందుకని సంక్రాంతి సెలవుల్లో మేము ఈ పని పెట్టుకున్నాం. మా ఊళ్ళ చుట్టూ గంజాయి మాని కాఫీ పెట్టిన తోటలకి వెళ్తాం. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, దగ్గర్లోనే ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. మనకి తేలని మొక్కలు వేళ్ళతో సహా అక్కడికి తీసుకెళ్తాం. మీ ఊరి నుంచి ఫోటో పంపేవాళ్ళు ఒక్క ఆకు దగ్గరగా తీసి పంపితే సరిపోదు. తోటంతా కనపడేలా ఒకటి, మొక్క మొత్తం ఒకటి, ఆకు పైవైపు, కింది వైపు, కడిగిన వేరు, ఇలా ఐదు పెట్టండి. మొక్క ఎప్పుడు పెట్టారు, పైన చెట్టు నీడ ఉందా, ఆఖరిసారి ఏం వేశారు, ఈ మూడూ కింద రాయండి. ఎవరి తోట, ఏ ఊరు అనేది మాత్రం గ్రూపులో పెట్టొద్దు. అక్కడ ఇంతకుముందు ఏముండేదో అందరికీ తెలిసిపోతుంది. అది విడిగా మెసేజ్ చెయ్యండి.

ముంచంగిపుట్టు, హుకుంపేట వైపు నుంచి ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. కువి బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలి. జనవరి మొదటి వారంలోపు చెప్తే బస్సు, భోజనం సంగతి చూసుకుంటాం. చాకు, ప్లాస్టిక్ కవర్లు, నీళ్ళ సీసా ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.